మందు గుర్రంలోంచి వస్తే గుర్రానికి విషం ఎక్కదా?

అరిజోనాలో చలి తగ్గి పాములు బయటికి రావడం మొదలవగానే మన ఫీనిక్స్, చాండ్లర్ తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ కూడా బయటికొస్తుంది. ‘గుర్రాల మీద ట్రైల్ రైడ్‌కి వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాల్సిన ఆరు నిజాలు’ అని దాని పేరు. ఈ వారం ఏ గ్రూపు తెరిచినా అదే. పంపేవాళ్ళు మనవాళ్ళే, మంచికే పంపుతున్నారు. కానీ అందులో రెండు మాటలు ప్రాణం మీదికి తెచ్చేవి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్‌లోని వరుస పక్కనపెట్టి, చిన్నవి ముందు తేల్చేస్తాను. జీనుకు వెల్లుల్లి కడితే పాములు దగ్గరికి రావట. పాము మనల్ని వెతుక్కుంటూ రాదు, బండ నీడలో పడుకున్న దాని దగ్గరికి మనమే పోతున్నాం. వెల్లుల్లి ఇంట్లో ఉంచండి. పిల్ల పాముకు విషం అదుపు చేసుకోవడం రాదు కాబట్టి పెద్దదానికన్నా ప్రమాదం అన్నది ఇంకో మాట. పెద్ద పాము విషపు తిత్తులు పెద్దవి, దించే విషమూ మామూలుగా ఎక్కువే. రెండింటికీ దూరంగా ఉండాల్సిందే.

ర్యాటిల్‌స్నేక్ (తోక చివర గిలకతో చప్పుడు చేసే విషపాము) గిలక ఆడించకుండా కాటేయదట. చాలాసార్లు ఆడిస్తుంది, నిజమే. కానీ కదలకుండా ఉంటే ఎవరికీ కనబడనని అది నమ్ముతుంది. ఆ ఇసుక, ఆ రాళ్ళ రంగులో నిజంగానే కనబడదు కూడా. అప్పుడే పుట్టిన పాముకు తోక చివర ఒక్క బొడిపె మాత్రమే ఉంటుంది, ఎంత ఆడించినా అది మోగదు. మోగినా గిట్టల కింద కంకర చప్పుడులో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళకు ఏం వినబడుతుంది? చప్పుడు లేదు కదా అని పొదల పక్కన దిగేసి, బండ మీద చెయ్యి ఆనించి ఫొటోలు దిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మెసేజ్‌లో మూడోదిగా రాసిన ‘నిజం’. పాముకాటు మందు గుర్రం రక్తంలోంచి తీస్తారు కాబట్టి గుర్రానికి విషం ఎక్కదు, కాటేసినా కంగారు పడక్కర్లేదు అని రాశారు. ఈ మాట రాసినవాళ్ళు కాటు తిన్న గుర్రాన్ని చూసి ఉండరు.

మందు కోసం గుర్రానికి విషం చాలా కొద్ది మోతాదులో ఎక్కిస్తారు, వారాలు, నెలలు పట్టి మోతాదు పెంచుతూ పోతారు. అప్పుడు దాని ఒంట్లో తయారైన యాంటీబాడీలను (విషాన్ని అడ్డుకునే ప్రోటీన్లను) రక్తంలోంచి వేరుచేసి శుద్ధి చేస్తారు. 1890లలో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్ అనే శాస్త్రవేత్త నాగుపాము విషానికి విరుగుడు చేసిన నాటి నుంచీ ఇదే పద్ధతి. స్టేబుల్‌లో గంటకింత అని మనం అద్దెకు తీసుకునే గుర్రానికి ఇవేవీ చేయలేదు. పక్కింటాయన టీకా వేయించుకుంటే మన పిల్లాడికి జ్వరం రాకుండా ఉంటుందా? పైగా ఇక్కడి ఆసుపత్రుల్లో వాడే రెండు మందుల్లో ఒకదాన్ని, క్రోఫాబ్‌ను, గొర్రెల నుంచి తీస్తారు. కాటు తిన్న గుర్రాలకు వెట్లు (పశువైద్యులు) కూడా యాంటీవెనమ్ ఎక్కిస్తారు. విషమే ఎక్కని జంతువుకు విరుగుడు ఎందుకు?

అసలు జరిగేది ఇది. గుర్రం కుతూహలంగా తల వంచి వాసన చూస్తుంది, కాటు మూతి మీద పడుతుంది. కాసేపట్లోనే మూతి ఉబ్బుతుంది, ముక్కు రంధ్రాలు సన్నని గీతల్లా మూసుకుపోతాయి. గుర్రం మనలా నోటితో ఊపిరి పీల్చలేదు. ముక్కు మూసుకుంటే ఊపిరాడక చనిపోతుంది. అందుకే ఇక్కడి పాత రౌతులు కొందరు జీను సంచిలో జానెడు రబ్బరు గొట్టం ముక్కలు రెండు, టేపు పెట్టుకుని తిరుగుతారు. వాపు పెరగకముందే రెండు రంధ్రాల్లోకి దూర్చి టేపు వేస్తారు. ఎలా చేయాలో ముందే వెట్ దగ్గర నేర్చుకోవాలి. నేర్చుకోనివాళ్ళు చేయాల్సింది వెంటనే దిగడం, గుర్రాన్ని పరిగెత్తించకుండా ఉండడం, వెట్‌కు ఫోన్ చేయడం. తేరుకున్నాక కొన్ని వారాలకు గుండె దెబ్బతిన్న గుర్రాలూ ఉన్నాయి. కంగారు పడక్కర్లేదట!

ఐదోది మనుషులకు సలహా: గట్టిగా తాడు కట్టి, బ్లేడుతో కోసి, విషం పీల్చి ఉమ్మి, పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలట. ఇది మన ఊళ్ళ నుంచి మోసుకొచ్చిన సలహా. పొలంలో రక్తపింజర కాటేస్తే కట్టు బిగించి, మంత్రం వేయించడానికి తిరిగి గంటలు పోగొట్టుకున్న ఇళ్ళు మనకు తెలియనివి కావు. ర్యాటిల్‌స్నేక్ విషం కండను కుళ్ళబెడుతుంది, తాడు కడితే అది ఒకేచోట నిలిచి కాలో చెయ్యో పోవచ్చు. పీలిస్తే విషం రాదు. తెగిన పాము తల కూడా చాలాసేపు కాటేయగలదు. ఇక్కడి మందు అన్ని రకాల ర్యాటిల్‌స్నేక్‌లకూ పనిచేస్తుంది కాబట్టి పామును చూపించే పనే లేదు. అమెరికాలో ఏటా 7,000 నుంచి 8,000 మందిని విషపాములు కాటేస్తే చనిపోయేది ఐదుగురి దాకా. మిగతావాళ్ళను బతికిస్తున్నది చాలావరకు త్వరగా అందిన వైద్యం. ఉంగరాలు, గాజులు తీసేయండి, కదలకుండా కూర్చోండి, 911కి ఫోన్ చేయండి.

ఆరోది మాత్రం ఒప్పుకుంటాను. పామును మనకంటే ముందు గుర్రం పసిగడుతుంది అని రాశారు. ప్రతిసారీ కాకపోయినా చాలాసార్లు అది నిజం. చెవులు రెండూ ఒకే వైపు నిక్కబొడుచుకుని, మెడ ఎత్తి ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పుడు మొండికేసిందని మడమలతో పొడిచేవాళ్ళే ఎక్కువ. జీను మీద ఉన్న మనిషికి పాము అందడం అరుదు, బెదిరిన గుర్రం మీంచి పడి ఎముకలు విరగడమే పెద్ద ప్రమాదం. అది ఆగితే మీరూ ఆగండి, పగ్గాలు లాగేయకుండా మెల్లగా వెనక్కి తిప్పండి.

మళ్ళీ పంపాలనిపిస్తే ఈ ఆరోదొక్కటే ఉంచి, కింద మీ స్టేబుల్ వాళ్ళ వెట్ నంబరు చేర్చి పంపండి.