240 హెర్ట్‌జుల పంచవన్నెల చిలుక

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు అంకెలంటే భయభక్తులు ఎక్కువ. టోకెన్ మీద అంకె, కంపార్టుమెంటు మీద అంకె, సత్రం గది తాళం మీద అంకె. అందుకే టీవీల దుకాణంలో ఒక అట్టపెట్టె మీద అరచేయంత 240 కనబడగానే మా పెద్దనాన్న చెప్పులు విడిచినంత పని చేశారు.

"ఈ 240 ఏమిటి నాయనా?"

"మోషన్ సార్. ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నాడు కుర్రవాడు.

జ్వరానికీ అప్పుకూ తప్ప ఈ సూత్రం అన్నిటికీ వర్తిస్తుందని నేనూ నమ్ముతాను. కాకపోతే పెట్టె అడుగున, చీమలు చదువుకోవడానికి వీలుగా, ప్యానెల్ 60 హెర్ట్‌జులు అని ఉంది. అంటే ఆ తెర సెకనుకు బొమ్మ మార్చేది 60 సార్లే. మిగతా 180 ఎక్కడివని అడిగితే, కుర్రవాడు పైకప్పు వైపు చూసి "సాఫ్ట్‌వేర్ సార్" అన్నాడు. మన టీవీ ప్రసారానికి సెకనుకు 25 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, సినిమాకు 24. ఆ 24ను 60లో సర్దాలంటే ఒక ఫ్రేము రెండుసార్లు, పక్కది మూడుసార్లు చూపాలి, బొమ్మ కుంటుతుంది. నిజమైన 120 తెర మీద అయితే తలా అయిదుసార్లు, లెక్క సరిపోతుంది. పనికొచ్చే ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పరు.

చెప్పే తీరిక ఎక్కడిది? గోడ నిండా ఇరవై టీవీలు, ఇరవై పంచవన్నెల చిలుకలు. చిలుక రెక్క విప్పుతుంది, దానిమ్మ పగులుతుంది, నీటిబొట్టు జారుతుంది, మళ్లీ చిలుక. ఆ లోకంలో రాత్రి పడదు. "బ్రహ్మోత్సవాల గరుడసేవ పెట్టు బాబూ" అన్నాను. నల్లటి ఆకాశం, గరుడుడి మీద మలయప్పస్వామి, ఎదురుగా హారతి. తెర సత్తా తేలేది అక్కడే. ఎల్ఈడీ అని అమ్మేది వెనక దీపం పెట్టిన ఎల్‌సీడీయే. క్యూఎల్ఈడీ కూడా అంతే, రంగులు చిక్కబరిచే పొర ఒకటి అదనం. ఆ దీపం పూర్తిగా ఆరదు కాబట్టి నలుపు బూడిదవుతుంది. ఓఎల్ఈడీలో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, ఆరుతుంది. దాని ధర విని పెద్దనాన్న చేతులు వెనక్కు కట్టుకున్నారు.

గరుడసేవ మాత్రం పెట్టలేదు. రిమోటు మేనేజరు దగ్గర ఉందట, మేనేజరు కొండకు వెళ్లారట.

300 రూపాయల దర్శనం టికెట్టు అమ్మి సర్వదర్శనం వరుసలో నిలబెడితే ఈ ఊరు ఊరుకుంటుందా? మరి ఇదేమిటి? పెద్దనాన్న రెండేళ్లు చీటీ కట్టి దాచిన డబ్బు అది. చత్వారం వచ్చిన మనిషికి అబద్ధం అరచేయంత, నిజం ఆవగింజంత అచ్చువేసి చూపడం వ్యాపారం కాదు, జేబు కత్తిరించడం. కత్తిరించేవాడు కనీసం రసీదు ఇవ్వడు.

పెద్దనాన్న 240నే కొన్నారు. బ్రహ్మోత్సవాల అయిదో రోజు రాత్రి అందరం గరుడసేవకు టీవీ ముందు చేరాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని అడిగారు: "కొండ మీద మబ్బు పట్టిందా ఏమిటి?"