పొట్లం సంగతి మందుల షాపులో చెప్పవద్దట

ఈ వారంలో అయిదుగురు మిత్రులు నాకు పంపిన వాట్సాప్ సందేశం సారాంశం ఇది: మూలికలకు దుష్ఫలితాలు ఉండవు, షుగరుకు పొడపత్రి చూర్ణం వాడుకోవచ్చు, ఆ సంగతి మందుల షాపులో చెప్పవద్దు, ఎందుకంటే వాళ్లకు ఆయుర్వేదం తెలియదు, అమ్మకాల కోసం భయపెడతారు. తిరుపతిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను కనుక జవాబు చెప్పక తప్పదు.

అమ్మకాల మాట నిలవదు. ఆ చూర్ణాల డబ్బాలూ మా అరల్లోనే ఉన్నాయి. వద్దంటే పోయేది మా బేరమే.

దుష్ఫలితాలు ఉండవన్నది ఆయుర్వేదమే ఒప్పుకోని మాట. వత్సనాభిని, ముష్టిగింజలను, నల్లజీడిని శుద్ధి చేయనిదే వాడకూడదని ఆ శాస్త్రమే చెబుతుంది. ఔషధ చట్టం కింద చేసిన నిబంధనల్లోని ఇ(1) షెడ్యూలు వాటిని విషద్రవ్యాల్లో చేర్చింది. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరిగి, పొటాషియం పడిపోతుంది.

ఇక "చెప్పవద్దు" అన్న మాట. పొడపత్రి రక్తంలో చక్కెరను తగ్గించగలదు, కాదనను. గ్లిమిపిరైడ్ మాత్ర చేసేదీ అదే పని గనుకనే రెండూ కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిరుడు ఎండాకాలంలో ఒక పెద్దావిడ చెమటతో తడిసిన చీటీ నా చేతికిచ్చింది. ఆమె వేళ్లు వణుకుతున్నాయి.

"ఇంకేమన్నా వాడతా ఉండారా అమ్మా?"

"ఏమీ లేదు నాయనా."

గ్లూకోజు నీళ్లు తాగించి, తేరుకున్నాక మళ్లీ అడిగితే, కొంగుముడి విప్పి పచ్చటి పొడి ఉన్న కాగితం పొట్లం తీసింది. "షాపులో చెప్పొద్దన్నారు" అంది. ఆ సలహా ఇచ్చినవారు ఆ మధ్యాహ్నం ఆమె పక్కన ఉన్నారా? ఆమె దారిలో పడిపోయి ఉంటే ఎవరు జవాబుదారీ? మాత్రల మోతాదు మార్చవలసిన వైద్యుడికి కూడా ఆ పొట్లం సంగతి తెలియదు. దాచమని చెప్పడం సలహా కాదు, ప్రాణాలతో చెలగాటం.

మాకు ఆయుర్వేదం తెలియదన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను. మేము చదివింది మూలికలను గుర్తుపట్టడం, వాటిలోని రసాయనాలు, చికిత్స కాదు. పైగా చాలా షాపుల్లో సర్టిఫికెట్ ఒకరిది, మందులిచ్చే చెయ్యి మరొకరిది. రోగితో ఫార్మసిస్టు స్వయంగా మాట్లాడాలని 2015 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అంతకుముందు మూడు నెలలూ ఆ పెద్దావిడకు మాత్రలిచ్చింది నేనే. ఇంకేం వాడుతున్నారని మొదటిసారి అడిగింది, ఆమె చేతులు వణికిన రోజునే.