బాస్ చేపల వేట సామాను చెన్నైలో కొనేవాళ్లకి ఒక మాట

బాస్ వేట సామాను గురించిన ఒక వ్యాసంలో, కొత్తవాళ్లు బెయిట్‌కాస్టర్ రీల్‌తోనే (విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూల్ తిరుగుతూ దారం వదిలే రీల్) మొదలుపెట్టాలని రాశారు. నేను ఒప్పుకోను. విసిరినప్పుడు లూర్ (నకిలీ ఎర) వేగం తగ్గినా స్పూల్ తిరుగుతూనే ఉంటే దారమంతా చిక్కుపడుతుంది. మా చెన్నైలో ఎదురు వీచే సముద్రపు గాలికి ఆ బెడద ఇంకా ఎక్కువ. ఏడడుగుల మీడియం రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీల్ (విసిరేటప్పుడు స్పూల్ తిరగని రకం) చాలు. మిగిలిన డబ్బు మంచి దారం మీద పెట్టండి.

అసలు లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. చెన్నై పక్కనున్న ముత్తుకాడు ఉప్పునీళ్లలో మన ఆశంతా పండుగప్ప మీదే. రెండూ మాటువేసి వేటాడేవే కాబట్టి బాస్ లూర్లు దీనికీ పనికొస్తాయి, ముఖ్యంగా జిగ్ హెడ్‌కి (తల దగ్గర బరువున్న గేలం) గుచ్చే మెత్తటి రబ్బరు చేపలు. కానీ పండుగప్ప మొప్పల మూత అంచు బ్లేడులా ఉంటుంది. గాల్లోకి ఎగిరి తల విదిలించిందంటే సన్న దారం తెగాల్సిందే. అందుకే చివర రెండు మూడడుగులు 40 పౌండ్ల లీడర్ (మందపాటి దారం ముక్క) కట్టండి. లూర్‌తో వచ్చే సన్నపాటి గేలాలు కూడా మార్చేయండి, పెద్ద చేప లాగితే సాగిపోతాయి.

నాచు చెరువుల్లో కొరమీనుకైతే ఫ్రాగ్ లూర్ (కప్పలాంటి నకిలీ ఎర), గట్టి రాడ్. చేప మీదపడి నీళ్లు చిమ్మగానే కంగారుపడి లాగొద్దు, దారంలో బరువు తెలిశాకే లాగండి.

ఇంకొకటి, దయచేసి వినండి. పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, బాగా పెద్దయ్యాక ఆడదవుతుంది. గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. ఫొటో తీసుకుని వదిలేయండి. ఇంటికి రాగానే రీల్‌ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి, ఉప్పు దాన్ని తినేస్తుంది.