మెంటారు గారి కీర్తి పరిరక్షణకు కొన్ని జాగ్రత్తలు

చదువు మధ్యలో ఆగిపోయి, పగలంతా ఒళ్లు వంచి పనిచేసి, సాయంత్రం కోడింగ్ నేర్చుకోవడానికి వచ్చే పెద్దవాళ్లకు మెంటారుగా ఉచితంగా పాఠం చెప్పాలన్న సంకల్పం మహత్తరమైనది. పుణ్యమూ పురుషార్థమూ కలిసొస్తాయి. కానీ ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. మనం కాస్త ఏమరుపాటుగా ఉంటే చాలు, వాళ్లు నిజంగానే నేర్చేసుకుంటారు. ఆ తర్వాత మనతో పనేముంటుంది? అందుకే మొదటి క్లాసు నుంచే జాగ్రత్తపడాలి.

మొదటి సాయంత్రాన్ని పూర్తిగా ఇన్‌స్టలేషన్‌కు అంకితం చేయండి. బ్రౌజర్‌లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపించే సైట్లు ఉన్నాయనీ, వాటితో పది నిమిషాల్లో తమ పేరు తెరమీద తామే చూసుకోవచ్చనీ పొరపాటున కూడా బయటపెట్టకండి. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ తెరవగానే అడుగున 'యాడ్ పైథాన్ డాట్ ఈఎక్స్‌ఈ టు పాత్' అని చిన్న గడి ఒకటి ఉంటుంది. దాని ఊసెత్తకండి. ఆ టిక్ లేకపోతే కమాండ్లు టైప్ చేసే టెర్మినల్లో పైథాన్ అని కొట్టగానే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు, లేదా అలాంటి కమాండే తెలియదని కంప్యూటర్ చేతులెత్తేయవచ్చు. ఏదైనా మనకు లాభమే. తప్పు తన తెలివిదేనని విద్యార్థి నమ్మేస్తాడు. ఆపైన నోట్‌ప్యాడ్ ఎలాగూ ఉంది: 'హలో డాట్ పై' అని సేవ్ చేస్తే చివర గుట్టుగా 'డాట్ టీఎక్స్‌టీ' తగిలించవచ్చు. ఫైలు పేరు చివరి ఇలాంటి తోకలను, అంటే ఎక్స్‌టెన్షన్లను, విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి అది ఎవరి కంటా పడదు.

ఫోన్ ఒక్కటే వాడిన వాళ్లకు సేవ్ చేయడమనే పనే తెలియదు, ఫోన్లో చాలావరకు అన్నీ వాటంతటవే సేవ్ అవుతాయి. కోడ్ మార్చి, కంట్రోల్ ఎస్ నొక్కకుండా టెర్మినల్లో మళ్లీ నడిపి, పాత ఫలితమే వస్తోందేమిటని తల పట్టుకుంటారు. ఇంకా సేవ్ కాలేదని ఫైలు పేరు పక్కన వీఎస్ కోడ్ అనే ఎడిటర్ చూపించే గుండ్రటి చుక్క గురించి అప్పుడే చెప్పేస్తే ఎలా? తల పట్టుకోనివ్వండి.

నోట్సును వర్డ్ డాక్యుమెంట్లో పంపండి. వర్డ్ నిటారు కొటేషన్లను వంకర కొటేషన్లుగా దిద్దుతుంది, వాటిని పైథాన్ ఒప్పుకోదు. ఫోన్లో టైప్ చేసేవాళ్లకు కీబోర్డే సాయపడుతుంది: లైను మొదట్లో 'ప్రింట్'లోని పీని పెద్దక్షరం చేస్తుంది, ఆ పేరు తెలియదంటూ పైథాన్ నుంచి నేమ్ ఎర్రర్ వస్తుంది.

ఇక అసలైన విద్య, మౌస్ లాక్కోవడం. విద్యార్థి బ్రాకెట్ వెతుక్కుంటూ షిఫ్ట్ కీ దగ్గర తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం మానవత్వం అనిపించుకోదు. వెంటనే పక్కకు జరగమని, నాలుగు షార్ట్‌కట్లు టకటకా నొక్కి, 'ఇదిగో, చాలా సింపుల్' అనాలి. ఏం జరిగిందో వాళ్లకు కనపడకూడదు, మన వేగం మాత్రం కనపడాలి. కొందరు ఛాందసులు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, 'ఎర్రర్‌లో ఆఖరి లైను పైకి చదవండి, ఇప్పుడు దాని పైన ఏ లైను నంబరు ఉందో చూడండి' అంటుంటారు. పైథాన్‌లో జరిగిన తప్పేమిటో చివర్లోనే రాసి ఉంటుంది కాబట్టి, ఇలా నాలుగు వారాలు చదివిస్తే విద్యార్థి మనల్ని పిలవడమే మానేస్తాడు. అసలు ల్యాబులో 3.10 వెర్షన్ కన్నా పాత పైథాన్ ఉంటే మరీ శ్రేయస్కరం. బ్రాకెట్ మూయకపోతే కొత్తవి ఆ సంగతి నేరుగా చెప్పేస్తున్నాయి. పాతవి తరచూ ఏ పాపం ఎరగని కింది లైనును వేలెత్తి చూపేవి.

పది నిమిషాలకోసారి 'అర్థమైందా?' అని అడగడం మరవకండి. చిన్నప్పుడు క్లాసులో నలుగురి ముందు చిన్నబోయినవాళ్లు ఈ ప్రశ్నకు భద్రమైన జవాబు ఎప్పుడో నేర్చుకున్నారు: 'అయింది సార్'. అంతటితో పాఠం ముగిసినట్టే. అంతేగానీ 'టైప్ చేసింది అందుకునే ఇన్‌పుట్ కమాండ్‌తో 5, 3 తీసుకుని కలిపితే తెరమీద ఏం పడుతుంది? నడపకముందే కాగితం మీద రాయండి' అనకండి. చాలామంది 8 అని రాస్తారు, తెరమీద 53 పడుతుంది. అప్పుడు ఇన్‌పుట్ ఇచ్చేది అంకె కాదు అక్షరాల వరుస అనీ, ఇంట్ అనే కమాండ్‌తో దాన్ని అంకెగా మార్చుకోవాలనీ వివరించక తప్పదు. పైగా ఎవరికి ఏది తెలియదో బయటపడుతుంది. ఆ బరువు మనకెందుకు?

సిలబస్ విషయంలో రాజీ పడొద్దు. రెండో వారం కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే గిట్, మూడో వారం ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్, ఆపైన డేటా నుంచి కంప్యూటరే నేర్చుకునే మెషీన్ లెర్నింగ్. ఎవరైనా 'చేసిన గంటలకు సరిపడా జీతం పడిందో లేదో చూసుకునే ప్రోగ్రాం రాయొచ్చా?' అని అడిగితే నవ్వి ఊరుకోండి. పనిని మళ్లీ మళ్లీ చేయించే ఒక లూపు, షరతు చూసే ఒక ఇఫ్, ఓవర్‌టైమ్‌కు ఒక గుణకారం, మొత్తం 20 లైన్లు. అందులో గొప్పేముంది? పైగా ఆ ఫలితం వాళ్ల యజమానికి నచ్చకపోవచ్చు.

షిఫ్టు మారి విద్యార్థి రెండు వారాలు రాకపోతే దాన్ని ఆసక్తి లేకపోవడం అంటారు. మెంటారు రాకపోతే పని ఒత్తిడి అంటారు. తప్పిపోయిన పాఠాన్ని ఒక పేజీలో రాసిస్తే వాళ్లు అందుకుంటారు కాబట్టి, దాని బదులు స్ఫూర్తిదాయక సూక్తి ఒకటి పంపండి.

ఇంత చేసినా ఒక్కోసారి వెనక బెంచీలో ఒకరు పక్కవాళ్ల తెర వైపు వంగి, 'ఇక్కడ కోలన్ మర్చిపోయావు చూడు' అంటూ కనిపిస్తారు. ఆ ఇద్దరినీ తక్షణం వేరు వేరు వరసల్లో కూర్చోబెట్టండి.