కొండ మీది లెక్క కిందికి దిగాలి

తిరుపతి బస్టాండు దగ్గర టీకొట్టు నడిపేవాళ్లను అడిగి చూడండి. రేపు పాలు ఎన్ని లీటర్లు తెప్పించాలో ఇవాళ సాయంత్రానికే చెప్పేస్తారు. తమిళుల పెరటాసి నెలలో శనివారం వస్తోందంటే తమిళనాడు బస్సులు బారులు తీరతాయి. పరీక్షలైపోగానే పిల్లాజెల్లాతో కుటుంబాలు దిగుతాయి. ఏళ్ల తరబడి చూసి చూసి పట్టుకున్న లెక్క అది. కుప్పలుగా పోగైన సమాచారం నుంచి రేపటిని అంచనా వేసే అలాంటి పనికే ఇప్పుడు బిగ్ డేటా అని పెద్ద పేరు పెట్టారు. టీకొట్టుకు చేతనైన పని స్మార్ట్ సిటీకి చేతకాదా?

అసలు తిరుపతిలో ఉండేది ఎంతమంది? 2011 జనాభా లెక్కల ప్రకారం నగరంలో సుమారు 2 లక్షల 87 వేల మంది. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి. రోజూ అరవై, డెబ్బై వేల మంది యాత్రికులు వచ్చిపోయే ఊరికి ఆ పాత అంకె ఏ మూలకు? వాళ్లూ నీళ్లు తాగుతారు, మరుగుదొడ్డికి వెళ్తారు, చెత్త వేస్తారు, ఆటో ఎక్కుతారు. ఏ రికార్డు ప్రకారమూ వాళ్లు మన జనాభా కాదు.

విచిత్రమేమిటంటే, చాలా నగరాలకు లేనంత ముందస్తు సమాచారం మనకు ఉంది. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అమ్ముడవుతాయి. ప్రతి టికెట్టు మీదా తేదీ, సమయం ఉంటాయి. నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారో, ఎందరు తలనీలాలు ఇచ్చారో, భక్తులు వేచి ఉండే కంపార్ట్‌మెంట్లు ఎన్ని నిండాయో టీటీడీ రోజూ ప్రకటిస్తుంది. రైల్వే రిజర్వేషన్లు, ఆర్టీసీ టికెట్లు, అలిపిరి చెక్‌పోస్టు దాటే వాహనాలు, అన్నిటికీ లెక్కలున్నాయి. ఎవరి లెక్క వాళ్ల సొరుగులోనే ఉంటే మాత్రం, ఏ వీధికి ఎన్ని చెత్తబండ్లు పంపాలో, ఏ ట్యాంకు ఎప్పుడు నింపాలో నిర్ణయించేవాళ్లకు ఆ లెక్కలు అక్కరకు రావు.

2015లో మొదలై 2025 మార్చితో ముగిసిన స్మార్ట్ సిటీస్ మిషన్ కింద వంద నగరాల్లోనూ ఊరిని ఒక్కచోటి నుంచే గమనించే కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వచ్చాయి. 2016లో ఎంపికైన తిరుపతీ ఆ వందలో ఒకటి. గోడంత తెరలు, వాటి నిండా కెమెరా దృశ్యాలు. వీఐపీలు వస్తే చూపించడానికి బాగానే ఉంటాయి. తెర మీద ఎర్రరంగు వెలిగినప్పుడు లేచి ఫోను చేయాల్సింది ఎవరు, ఆ ఫోను అందుకుని గేటు తెరవాల్సింది ఎవరు? మా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

2025 జనవరి 8 రాత్రి గుర్తుందిగా. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు ఇచ్చేది మర్నాడు తెల్లవారుజామున. జనం ముందు రోజే టోకెన్ కేంద్రాల దగ్గరికి చేరుకున్నారు. తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఆ జనం ఒక్క నిమిషంలో ఊడిపడలేదు, గంటల తరబడి పెరుగుతూ వచ్చారు. గజం స్థలంలో ఎందరున్నారో కెమెరా దృశ్యాల నుంచి అంచనా వేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఎంతమంది చేరితే రాకను ఆపాలి, ఎంత దాటితే టోకెన్లు వేళకు ముందే మొదలుపెట్టాలి అన్నది కాగితం మీద ముందే రాసి పెట్టుకోవాలి. అక్కడున్న అధికారి పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూసే పరిస్థితి ఉంటే ఎంత డేటా ఉండీ దండగే.

వాన సంగతి ఇంకా తేలిక. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలో నిలిచిన నీళ్లలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన కొత్త పెళ్లికూతురు చనిపోయింది. మరుసటి నెలలోనే వరద ఊళ్లో చాలా ప్రాంతాలను ముంచింది. అండర్ బ్రిడ్జిలో నీటిమట్టం కొలిచే సెన్సర్, మోకాలి లోతు రాగానే దానంతటదే దిగే అడ్డుగేటు ఉంటే చాలు. దీనికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. యాప్‌లో వచ్చే ఫిర్యాదులనే అవసరాలుగా లెక్కేస్తే, స్మార్ట్‌ఫోను చేతిలో ఉన్న కాలనీలకే పనులు జరుగుతాయి. జీవకోన లాంటి పేదల పేటలో నల్లా రాకపోతే ఆ సంగతి ఏ యాప్‌కూ తెలియదు. అలాగే రద్దీ తెలుసుకోవడానికి తలలు లెక్కపెడితే చాలు, ముఖాల చిత్రాలు భద్రపరచనక్కర్లేదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం చేసుకున్నాం. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడి ముఖం ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లుంటుందో చెప్పాల్సిన బాధ్యత అధికారులదే.

మేం కోరేది ఒక్క పేజీ. టీటీడీ, కార్పొరేషన్, ఆర్టీసీ, రైల్వే, పోలీసు కలిసి రోజూ సాయంత్రం ‘రేపటి రద్దీ’ అంచనా విడుదల చేయాలి. ఏ రోడ్డు మీద ఒత్తిడి ఉంటుంది, ఎన్ని ట్యాంకర్లు, ఎంతమంది పారిశుద్ధ్య కార్మికులు అవసరం అన్నది అందులో ఉండాలి. ఆటోవాళ్లకూ, టీకొట్లకూ కూడా అది అందాలి. వచ్చే బ్రహ్మోత్సవాలతోనే మొదలుపెట్టొచ్చు. గరుడ సేవ నాటి అంచనా తప్పితే మర్నాడు ఊరందరికీ తెలిసిపోతుంది. తెలియనివ్వండి, మరుసటి ఏడాదికి దిద్దుకోవచ్చు.