బుల్ రన్‌ను అంత తేలిగ్గా తీసేయలేం
అమెరికా అంతర్యుద్ధం 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధంలోనే తేలిపోయిందని, 1861లో వర్జీనియాలోని బుల్ రన్ వాగు దగ్గర ఉత్తరాది, దక్షిణాది సైన్యాల మధ్య జరిగిన యుద్ధం తొలి ఆవేశంలో జరిగిన కొట్లాటేనని వ్యాసంలో రాశారు. ఈ రెండో మాట నేను ఒప్పుకోను. అంతకుముందు అధ్యక్షుడు లింకన్ ఉత్తరాది సైన్యంలోకి పిలిచింది 75 వేల మందిని, అదీ 90 రోజులకే. ఒక్క దెబ్బతో అయిపోతుందని జనం ఎంతగా నమ్మారంటే, జులై 21న వాషింగ్టన్ నుంచి కాంగ్రెస్ సభ్యులు సహా ఎందరో తిండి బుట్టలు సర్దుకుని గుర్రబ్బండ్లలో యుద్ధం చూడటానికి వెళ్లారు. సాయంత్రానికి ఓడిన ఉత్తరాది సైనికులతో కలిసి అదే రోడ్డు మీద వెనక్కి పరుగు. మర్నాడే 5 లక్షల మందిని చేర్చుకునే చట్టం మీద లింకన్ సంతకం పెట్టాడు, ఈసారి మూడేళ్ల వరకు. తర్వాత దాదాపు నాలుగేళ్లు నడిచిన యుద్ధానికి కావాల్సిన సైన్యం ఆ ఓటమి తర్వాతే తయారైంది. గెలిచిన దక్షిణాదివాళ్లూ అలసిపోయి వాషింగ్టన్ దాకా తరమలేకపోయారు, పైగా ఉత్తరాదివాళ్లకు పోరాటం చేతకాదన్న ధీమా వాళ్లలో పెరిగింది. మేముండేది వర్జీనియాలోనే, పిల్లల్ని తీసుకుని రెండుసార్లు ఆ యుద్ధం జరిగిన మనాసస్ వెళ్లాం. అక్కడ గుట్ట మీద చిన్న ఇల్లు, పక్కనే జూడిత్ హెన్రీ సమాధి. మంచం పట్టి కదల్లేని ఆ ముసలావిడ ఫిరంగి గుండు ఇంట్లో పడి చనిపోయింది. అక్కడ నిలబడ్డాక దాన్ని కొట్లాట అనడానికి నాకు నోరు రాదు.