ఊపిరితిత్తికి పనికొచ్చే ప్రోటీన్, స్ట్రెచ్ మార్కుల దారిలో

ఊపిరితిత్తికి కుట్లు వేయడం సర్జన్లకు టెన్షన్ పెట్టే పని. సూది దిగిన ప్రతిచోటా ఓ రంధ్రం. ఊపిరి పీల్చినప్పుడల్లా కణజాలం ఉబ్బుతుంది, ఆ రంధ్రాల్లోంచి గాలి లీకవుతుంది. పైన జిగురు పూద్దామంటే, గట్టిగా పట్టేది సాగదు, సాగేది తడికి ఊడిపోతుంది.

సిడ్నీ యూనివర్సిటీకి చెందిన ఆంథొనీ వైస్, అప్పట్లో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో ఉన్న నసీమ్ అన్నాబీ తదితరులు 2017 అక్టోబరులో ఇందుకు ఓ హైడ్రోజెల్‌ను (నీటిని పట్టి ఉంచే జెల్) చూపించారు. పేరు మీట్రో. ముడిసరుకు ట్రోపోఎలాస్టిన్. రక్తనాళాలు, ఊపిరితిత్తులు, చర్మం సాగి మళ్లీ వెనక్కి రావడానికి కారణమైన ఎలాస్టిన్ ఈ ప్రోటీన్‌తోనే తయారవుతుంది. శరీరం దాన్ని ఎక్కువగా చిన్నతనంలోనే తయారు చేసుకుని, ఆ నిల్వతోనే జీవితాంతం నెట్టుకొస్తుంది. అందుకే మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి ఈ ప్రోటీన్ తీస్తారు. కాంతికి గట్టిపడేలా దానికి మెథాక్రిలేట్ అనే రసాయనం జోడించారు. ట్యూబులోంచి పిండినట్టు జెల్‌ను గాయం మీద వేసి, అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తే 60 సెకన్లలో అతుక్కుపోతుంది. ఎలుకల ధమనులు, ఊపిరితిత్తుల మీద, పందుల ఊపిరితిత్తుల మీద పరీక్షిస్తే కుట్లు లేకుండానే గాయం మూసుకుంది.

వార్తల్లో దీని సాగే గుణం గురించి రాశారు. నాకైతే అసలు తెలివి ఇంకోచోట కనిపిస్తుంది. ఈ జెల్‌లో దాన్ని కరిగించే ఎంజైమ్ కూడా ఉంటుంది. మోతాదు మారిస్తే గంటల్లో కరగాలా, నెలలు నిలవాలా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు.

ఆ తర్వాతి కథే కాస్త మింగుడుపడదు. ఇదే ప్రోటీన్ మీద పనిచేసేందుకు వైస్ స్థాపించిన ఎలాస్టజెన్ కంపెనీని 2018లో బొటాక్స్ అమ్మే అలర్గాన్ 9.5 కోట్ల డాలర్లు ముందస్తుగా ఇచ్చి కొనేసింది. వాళ్లకు కావలసింది స్ట్రెచ్ మార్కులు, మొటిమల మచ్చలకు చికిత్స. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేం. అక్కడ కస్టమర్ జేబులోంచి డబ్బు ఇస్తాడు, ఫలితం అద్దంలో కనిపిస్తుంది, ఫెయిలైనా ప్రాణం పోదు. ఊపిరితిత్తి దగ్గర జిగురు ఊడితే రోగి ప్రాణం మీదికే వస్తుంది. పైగా ఎమర్జెన్సీ ఆపరేషన్లలో ట్రయల్ నడపాలంటే స్పృహలో లేని మనిషి అనుమతి ఎలా తీసుకోవాలన్న చిక్కు ఒకటి.

ఇలాంటి ప్రోటీన్ తయారీ ఖరీదు కాబట్టే ఊపిరితిత్తుల దాకా రాలేదని ఎవరైనా అంటే, ఆ సాకు మాత్రం నేను ఒప్పుకోను. సూక్ష్మజీవులతో ప్రోటీన్లు చేయించడం కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే యీస్ట్‌తో హెపటైటిస్-బి టీకా చేసి, దిగుమతి టీకా కన్నా ఎంతో చవగ్గా అమ్మింది. ఖర్చంతా మనుషుల మీద చేసే పరీక్షలదే. ల్యాబ్ దశకు డబ్బిచ్చే ప్రభుత్వాలే ప్రాణాధార వాడకాల తొలి ట్రయల్‌కూ ఇవ్వాలి, కొనుగోలుదారు వచ్చేదాకా ఆగకుండా.